నలుపు పోయిన కత్తి

పదకొండేళ్ల నాలుగు నెలలుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, బయటికీ అనలేకపోయాను. ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో ఒకే ఇంట్లో పందొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ ఇంటి పెద్దాయనను బాబా అనేవాళ్లం. ఆయనకు మడతకత్తులంటే ప్రాణం. అన్నీ ఒకే తీరువి. పిడి ఒక కొసన సన్నగా మొదలై, రెండో కొసన తుపాకీ మడమలా వెడల్పై కిందికి వంగుతుంది. మొత్తం ముప్పై ఏడు. ప్రతి గురువారం ఒక్కొక్కటీ తెరిచి, మెత్తని గుడ్డతో తుడిచి, మడత దగ్గర ఒక చుక్క నూనె వేయడం నా పని. చేసిన ప్రతిసారీ తేదీతో నోటుబుక్కులో రాసేదాన్ని. మూసేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి అది ఏ కత్తో చూడకుండా చెప్పగలిగేదాన్ని.

"వంకాయ కూడా కోయని కత్తులకు ఇంత సేవేందిక్కా? నీ మొగునికి ఇందులో సగమన్నా చేసినావా?" అని రెడ్డెమ్మ నవ్వేది. ఆమె రాయచోటి మనిషి, ఆ ఇంట్లో రెండో పనిమనిషి. ఇత్తడి కాఫీ కూజాలను చింతపండుతో తోమడం ఆమె వంతు.

కత్తుల్లో అన్నిటికన్నా పాతది బాబా నాన్నగారిది. బ్లేడు నల్లబడింది. "ఆ నలుపు దాని వయసు, రుద్దకు" అని బాబా మొదటిరోజే చెప్పారు. నా కంటికది మురికే. పండగకు ఆయన స్నేహితులు చూడటానికి వస్తున్నారని తెలిసి, నా పనికి వంక పెడతారేమోనని, చింతపండూ ఉప్పూ వేసి రుద్దాను. బ్లేడు తళతళలాడింది. దాని మీద చేసినవాళ్ల పేరు సన్నని అక్షరాల్లో ఉండేది. అదీ పోయింది.

బాబా దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. కూర్చుండిపోయారు. ఇంటావిడ, మేము మామా అనే ఆవిడ, వాసన చూసి నేరుగా రెడ్డెమ్మను పిలిచింది. చింతపండు చేతులు ఆమెవే కదా.

"నేను ఆ కత్తుల బీరువా ముట్టనే లేదు మామా. అక్కకు తెలుసు. చెప్పక్కా."

"నాకేం తెలుసు రెడ్డెమ్మా," అన్నాను. "నేను గుడ్డతోనే తుడుస్తా."

ఆ గుడ్డ మాట ఎందుకు కలిపాను? పని పోతుందనా? కాదు. నా చేతిలో తప్పు జరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియకూడదనుకున్నాను, అంతకు మించి ఏమీ లేదు, ఎంత వెతికినా ఇంకో కారణం దొరకడం లేదు.

"ఖలాస్," అంది మామా. తొమ్మిదో రోజున ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి రెడ్డెమ్మను పంపేశారు. నేను ఆ కత్తిని రుద్దిన గురువారం కింద నా నోటుబుక్కులో "తుడిచాను" అని ఉంది.

కువైట్‌లో దొంగతనం చేసి పట్టుబడిందని ఊళ్లో ఆమెకు పేరు పడిందట. మొగుడు కూడా నమ్మాడట. బాబా పోయి మూడేళ్లయింది. నిజం చెప్పి ఆయన నోటితో ఆ చెడ్డపేరు పోగొట్టించే దారి మూసుకుపోయింది.

ఇప్పుడు కువైట్‌లోనే రిగ్గైలో ఉంటున్నాను. ఆమె నంబరు సంపాదించాను. ఏడుసార్లు ఫోన్ చేసి, "ఎవరు?" అనగానే ఏడుసార్లూ పెట్టేశాను. ఏమని చెప్పను? ఏ ముఖంతో?

క్షమించమని ఎవరినీ అడగను. రెడ్డెమ్మ ఆ కత్తిని ముట్టలేదు. రుద్దింది నేను. ఇది రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.