సుభద్ర గారి నీలం గీత

టేపును చుట్ట నుంచి ఒక్క లాగు లాగితే గుడ్డ చిరిగినట్టు చప్పుడవుతుంది. పోయిన ఆదివారం ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మా అమ్మాయి మేఘన నీలం టేపును అలా లాగి చూస్తుంటే, ఆ చప్పుడుకి నేను కుర్చీలు సర్దడం ఆపేశాను. గోడలకు రంగులు వేసేవాళ్ళు అంచుల వెంట అంటించే టేపు అది. దాన్ని మా ఆదివారపు తెలుగు బడికి మొదట తెచ్చింది సుభద్ర గారు. పోయిన నెల బడి వార్షికోత్సవంలో, 'పిల్లల సభ' ప్రారంభించినందుకు నాకు శాలువా కప్పారు. నేను కిమ్మనకుండా కప్పించుకున్నాను. ఆ సభ నా ఆలోచన కాదు. పైగా అది మొదటిసారి మొలకెత్తినప్పుడు తుంచేసింది నేనే. నన్ను మెచ్చుకున్న బడి సంచికలోనే ఇది కూడా అచ్చు కావాలని రాస్తున్నాను.

సుభద్ర గారు మా పక్క బ్లాకులో ఉండేవారు. అమెరికా రాకముందు పాడేరు దగ్గర గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. ఇక్కడ డిపెండెంట్ వీసా మీద ఉండటంతో ఆమెకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆదివారం పదింటికల్లా ఇస్త్రీ చేసిన నేత చీరలో, చేతిసంచీతో బడికి వచ్చేసేవారు. "వారం మొత్తానికి ఈ రెండు గంటలే అండీ నా ఉద్యోగం" అనేవారు నవ్వుతూ. పెద్ద తరగతి పిల్లలు తెలుగులో నోరు విప్పాలంటే వాళ్ళకు వాదించాలనిపించే విషయం ఉండాలని ఆమె నమ్మకం. అందుకని వారానికో వార్త తెచ్చేవారు.

2023 శరదృతువులో ఆస్ట్రేలియాలో రెఫరెండం, అంటే ఒక ప్రశ్న మీద దేశమంతా ఓటేసి తేల్చడం, జరగబోతోంది. ఆ దేశపు మూలవాసుల తరఫున పార్లమెంటుకూ ప్రభుత్వానికీ సలహా చెప్పే ఒక బృందం ఉండాలని రాజ్యాంగంలో రాసుకోవాలా వద్దా అన్నది ప్రశ్న. ఆ బృందం చెప్పిందల్లా చెయ్యాలని లేదు. దానికి చెప్పుకునే చోటు మాత్రం ఉంటుంది. నేను బడి కమిటీకి సెక్రటరీని కాబట్టి సుభద్ర గారు వారం ముందే నా దగ్గరికి వచ్చి, పాఠం రాసుకున్న కాగితం చూపించారు. "రఘు గారూ, ఈసారి తల్లిదండ్రులు కూడా అరగంట ఉండాలి. పర్వాలేదా?" అన్నారు. నేను కాగితం రెండు వైపులా చదివి, "భేషుగ్గా చెప్పండి" అన్నాను. తర్వాత జరిగినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఆదివారం ఆమె గది మధ్యలో నీలం గీత వేశారు. "మన బడికీ ఒక రెఫరెండం పెట్టుకుందాం. పిల్లలకు సంబంధించింది ఏదైనా కమిటీ తేల్చే ముందు పిల్లల సభ చెప్పేది వినాలా? వినడం వరకే, ఒప్పుకోవాలని లేదు. అవుననేవాళ్ళు కిటికీ వైపు, కాదనేవాళ్ళు తలుపు వైపు నిలబడండి."

"మాకు కూడా ఓటు ఉందా ఆంటీ?" అంది మేఘన. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు.

"ఉంది. మీరు తొమ్మిది మంది, పెద్దవాళ్ళు ముప్పై మంది."

"అయితే వాళ్ళే డిసైడ్ చేస్తారు కదా! నాట్ ఫెయిర్."

"ఫెయిరో కాదో, అక్కడ లెక్క ఇంతకన్నా తక్కువ. మూలవాసులు నూటికి నలుగురే."

"మేం చెప్పింది వీళ్ళు ఇనరు గానీ, వీళ్ళది మేం ఇనాల్నా?" అని ఒక తండ్రి అనేసరికి గదంతా నవ్వులు. ఒకావిడ మాత్రం నిదానంగా, "అందరిదీ ఒకే బడి కదండీ. మళ్ళీ వీళ్ళు వేరు, వాళ్ళు వేరు అని రాసుకోవడం ఎందుకు?" అంది. సుభద్ర గారు ఆ మాటను బోర్డు మీద రాసి, "అక్కడ వద్దనేవాళ్ళలో చాలామంది ఇదే అంటున్నారు" అన్నారు. నిఖిల్ అనే కుర్రాడు, "ఓన్లీ వినడం అయితే యూజ్ ఏంటి ఆంటీ? పవర్ ఉండాలి" అన్నాడు. "మూలవాసుల్లోనే కొందరు ఈ మాట అంటున్నారు" అని దాన్నీ రాశారు. తన ఓటు ఎటో మాత్రం ఆమె చెప్పనే లేదు.

అప్పుడు మేఘన లేచింది. "ఉగాదికి మాకు గ్రూప్ డాన్స్ అని ఎవరు చెప్పారు? మమ్మల్ని అడగలేదు. ఆ గోల్డ్ కలర్ డ్రెస్ కూడా!" అందరూ నా వైపు తిరిగి నవ్వారు. డాన్సూ, డ్రెస్సూ రెండూ నా నిర్ణయాలే. నేను విసవిసా తలుపు వైపు నడిచాను. సెక్రటరీ ఎటు వెళితే అటే అన్నట్టు చాలామంది నా వెనకే వచ్చారు. పిల్లలు ఓడిపోయారు.

సుభద్ర గారు పాఠం అక్కడితో వదిలేయలేదు. "ఇది ఆట. మీరు రేపు పెద్దవాళ్ళయి ఇటువైపు వచ్చేస్తారు. మూలవాసుల సంగతి అలా కాదు. వాళ్ళ నేల మీదికి వేరేవాళ్ళు వచ్చి, వాళ్ళనే తక్కువ మందిని చేశారు. ఆ తేడా మర్చిపోకండి" అన్నారు. తర్వాత, "సరే, ఈ ప్లెయిన్స్‌బరోలో అందరికంటే ముందు ఎవరుండేవారు?" అని అడిగారు. పిల్లలకే కాదు, మాకూ తెలియదు. "వచ్చే వారం కనుక్కుని రండి" అన్నారు.

ఆ వచ్చే వారం ఆమెకు దక్కలేదు. మధ్యాహ్నానికే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, "తెలుగు నేర్పమంటే పాలిటిక్స్ నేర్పుతున్నారేంటి? మనమంతా వీసాల మీద ఉన్నాం. ఎవరైనా కంప్లైంట్ చేస్తే?" అని మొదలైంది. నా గ్రీన్ కార్డు దరఖాస్తు ఏళ్ళ తరబడి కదలడం లేదు. ఆ భయం నాకూ పట్టుకుంది. "కమిటీకి ముందుగా తెలియదు. మాట్లాడతాం" అని రాశాను. నాలుగే మాటలు. వాటిలో మొదటి మూడూ అబద్ధం.

శనివారం కమిటీ కూర్చుంది. "పర్మిషన్ తీసుకున్నారా అండీ?" అని అధ్యక్షుడు అడిగితే సుభద్ర గారు నా వైపు చూశారు. నేను ఫోన్‌లోకి చూశాను. నాకు చూపించిన కాగితం ఆమె సంచీలోనే ఉందని నాకు తెలుసు. ఆమె సంచీ తెరవలేదు. "పొరపాటు నాదే అనుకోండి. ఇక రాను లెండి" అని బడి బీరువా తాళంచెవీ, టేపు చుట్టా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆమెకున్న ఒక్క ఉద్యోగం అలా పోయింది. ఆస్ట్రేలియా ఓటర్లు కూడా వద్దన్నారని కొన్నాళ్ళకు వార్తల్లో చదివాను. ఆ వార్తను ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. మరుసటి ఏడాది వాళ్ళ కుటుంబం టెక్సస్‌కు, ప్లేనోకు మారిపోయింది.

టేపు చుట్ట బీరువాలోనే ఉండిపోయింది. నిరుడు అది మేఘన కంటపడింది. పిల్లల సభ కావాలని అందరూ కలిసి కమిటీకి ఉత్తరం రాశారు, తప్పులున్నా తెలుగులోనే. ఈసారి కమిటీ ఒప్పుకుంది. అనుమతి కాగితం మీద సంతకం సెక్రటరీది కాబట్టి శాలువా కూడా సెక్రటరీకే వచ్చింది.

శాలువా ఇంటికి తెచ్చిన మర్నాడు సుభద్ర గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను, ఇదంతా సంచికలో రాస్తానన్నాను.

"కాగితం సంగతి మీకు గుర్తుందన్నమాట" అన్నారు.

"మర్చిపోతే బాగుండునని చాలా ప్రయత్నించానండీ. శాలువా మీకు పంపిస్తాను."

"అమ్మో, ఈ ప్లేనో ఎండలకి శాలువానా! మీ దగ్గరే ఉంచుకోండి, అక్కడ చలి." ఆమె నవ్వు అలాగే ఉంది. ఇప్పుడు పని అనుమతి వచ్చిందట, అక్కడో బడిలో పాఠాలు చెబుతున్నారట. "నాకు కోపం ఎప్పుడో పోయింది రఘు గారూ. కానీ అది పోయేదాకా చాలా ఆదివారాలు కష్టంగా గడిచాయి. అదీ రాయండి. ఇంతకీ ఆ రోజు గురించి మీ అమ్మాయిని ఎప్పుడైనా అడిగారా?"

అడగలేదు. ఆ సాయంత్రం కార్‌లో అడిగాను.

"నువ్వు నో వైపు వెళ్ళినా ఓకే నాన్నా. నిఖిల్ కూడా నో వైపే ఉన్నాడు. నువ్వు మమ్మల్ని ఒక్క క్వశ్చన్ అడిగి వెళ్ళాల్సింది" అంది మేఘన.

పోయిన ఆదివారం సభలో పిల్లల పాఠం, సుభద్ర గారు వదిలివెళ్ళిన ప్రశ్న: ఇక్కడ అందరికంటే ముందు ఉన్న లెనాపే ప్రజలు. "వాళ్ళ గురించి మనమే మాట్లాడేసుకుంటే ఎలా, వాళ్ళలో ఎవరినైనా రమ్మని అడుగుదాం" అని పిల్లలే తీర్మానించి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. తర్వాతి ఓటుకు గీత వేద్దామని నేను మేఘన దగ్గర టేపు చుట్ట తీసుకుని, అలవాటు కొద్దీ గది మధ్యకు నడిచాను. వంగబోయి ఆగాను.

"గీత ఎక్కడ వేయమంటారు?" అని అడిగాను.

తొమ్మిది మందీ తొమ్మిది చోట్లు చూపించి పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది తేలేసరికి చాలాసేపు పట్టింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, టేపు కొస వేలికి అంటించుకుని, హాయిగా వింటూ ఉండిపోయాను.