మా మామ, ఆయన ఇంగ్లీషు రివాల్వర్

మా మేనమామ పోయాడు. ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడలో, మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. క్లాసు మధ్యలో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. కానీ అది మామ కొడుకు, మా బావ నంబరు. పగటిపూట ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. "బాపు పోయిండు" అన్నాడు. తర్వాత "నువ్వు పరేషాన్ కాకు. బండి మీద రాకు, బస్సెక్కి నిమ్మలంగ రా" అన్నాడు.

పిల్లలకు ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తు లేదు. సూర్యాపేట దాకా బస్సులో కూర్చున్నాను గానీ ఏడుపు రాలేదు. ఈ ఫోన్ వస్తుందని మాకందరికీ చాలాకాలంగా తెలుసు. తెలిసి ఉండడం తప్ప మేం చేయగలిగిందేమీ లేకపోయింది. ఒకరి తర్వాత ఒకరం ఆయన మంచం పక్కన కూర్చున్నాం, లేచాం, మళ్లీ కూర్చున్నాం. అంతే.

మామది ఆత్మకూర్ దాటాక ఒక చిన్న ఊరు. వరి, కొంచెం పత్తి వేసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. ఆయన గురించి నలుగురికీ తెలిసిన విషయం ఒక్కటే, ఇంట్లో రివాల్వర్ ఉందని. మా తాత కాలంలో ఈ చుట్టుపక్కల భయపడాల్సిన రోజులు ఉండేవి. అప్పుడు తాత లైసెన్సు తీసుకున్నాడు. తాత పోయాక అది మామ పేరు మీదికి వచ్చింది. అప్పటికి ఆ భయం పోయింది. రివాల్వర్ మిగిలింది.

ఆయన దాన్ని కాల్చగా నేనెన్నడూ చూడలేదు. చూసుకోవడమే ఆయన చేసిన పని. ఆదివారం పొద్దున పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం మీద పాత ధోవతి ముక్క పరిచి దాని మీద పెట్టుకునేవాడు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. తూటాలు వేరే డబ్బాలో, వేరే గదిలో ఉండేవి. అయినా ముందు దాన్ని విప్పి, తూటాలు పట్టే ఖాళీ గదులు నా కళ్లకెదురుగా పెట్టేవాడు.

"ఉత్తదేనా కాదా నువ్వు సూడు. నేను సూసిన అంటే నమ్మకు. ఎవ్వలు జెప్పినా నమ్మకు."

తర్వాత చాలా విషయాల్లో నాకు ఆ మాట గుర్తొచ్చేది.

అది పాత ఇంగ్లీషు రివాల్వర్. పిడికి పైన ఒక మీట ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే రివాల్వర్ నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుని, గొట్టం కిందికి వాలుతుంది. గొట్టం గుండ్రంగా కాక పలకలు పలకలుగా ఉండేది. పిడి పిట్ట తలలా వంపు తిరిగి, అడుగున తాడు కట్టుకునే ఉంగరంతో ముగిసేది. నల్లరంగు చాలా చోట్ల అరిగి లోపలి ఉక్కు కనిపించేది. ఎవరైనా కొత్తగా రంగు వేయించమంటే మామకు నచ్చేది కాదు. "మా బాపు చేతులు పడ్డ కాడ అరిగింది. రంగేస్తే గది పోతది" అనేవాడు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైంది దాని కదలిక. ట్రిగ్గర్‌ను మెల్లగా లాగుతుంటే వెనకనున్న చిన్న సుత్తి తనంతట తాను లేస్తుంది. అదే సమయంలో తూటాల చక్రం ఒక గది మేర తిరుగుతుంది. "ఒక్క వేలు గుంజుడు. అటు అది లేస్తది, ఇటు ఇది తిరుగుతది. రెండు ఒక్కపారి కుదురుకుంటయి. ఇంకేం గావాలె బిడ్డా కండ్లకు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూస్తే అది ప్రాణం తీసే వస్తువని గుర్తుండేది కాదు. ఆ సంగతి గుర్తు చేసేవాడూ ఆయనే. పిల్లలెవరైనా దాన్ని మనిషి వైపు తిప్పితే, ఆట అని కూడా చూడకుండా ఆ రోజుకు లోపల పెట్టేసేవాడు.

ఇలాంటి పిచ్చే ఉన్న మరో మనిషి ఆయనకు మిర్యాలగూడలో దొరికాడు. వడ్లు అమ్మడానికి వెళ్లినప్పుడు పరిచయమైన రైసుమిల్లు యజమాని. సాగర్ కాలువ వచ్చినప్పుడు వాళ్ల పెద్దలు కృష్ణా అవతలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మాట ఇంకా అటువైపుదే. మేం ఆయన్ను మిల్లాయన అనేవాళ్లం. ఆయన దగ్గర ఉన్నది అమెరికా రివాల్వర్. సన్నగా పొడుగాటి గొట్టం. చక్రం తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. ఉక్కు మీద పండిన నేరేడుపండు నిగారింపు, పిడికి గీతలు చెక్కిన కర్ర. ఎవరి కంటికైనా అదే అందంగా ఉంటుంది. నా కంటికి కూడా. మామ మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు.

"నీది అందగత్తెనే, కాదంటలేను. గని తాను బాగుంటనని దానికి తెల్సు. గదే దాని లోపం" అనేవాడు.

"నీదాన్ని చూస్తే నాకు బోరింగు పంపు గుర్తొస్తుందయ్యా" అనేవాడు మిల్లాయన.

"బోరింగే గదా నీల్లిచ్చేది."

ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్నవాళ్లంతా ఆయుధాలు పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. మిగతావాళ్లకు అదొక తలనొప్పి. మామకు జాతర. తనది వాళ్ల మండలం స్టేషన్‌లో ఇచ్చేసి, మధ్యాహ్నం బస్సుకు మిర్యాలగూడ వెళ్లి, మిల్లాయనతో పాటు అక్కడి స్టేషన్‌కు పోయేవాడు. అది పెద్ద ఊరు. మిల్లుల వాళ్లవి, కాంట్రాక్టర్లవి అన్నీ ఒకే బల్ల మీద చేరేవి. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. మామ చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా బల్ల చుట్టూ తిరిగాడు. తళతళలాడే పొట్టి రివాల్వర్ ఒకటి చూసి "స్టీలు గ్లాసు" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. మన దేశంలో తయారైన దాని ముందు కాసేపు ఆగి, "పనిమంతుడు. మోసం లేదు. పెండ్లికి పిలిస్తే ఎనక వరుసల కూసుంటడు" అన్నాడు. అమెరికాది వచ్చేసరికి చాలాసేపు నిలబడ్డాడు. మిల్లాయన మీసాల్లో నవ్వుకున్నాడు. బయటికొచ్చి ఇద్దరూ టీ తాగుతూ మళ్లీ మొదలుపెట్టారు.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికలప్పుడు మిల్లాయనే మామ ఊరి వైపు వచ్చాడు. ఆ రోజు నేనూ స్టేషన్‌లో ఉన్నాను. అప్పగించే ముందు రివాల్వర్ తెరిచి ఖాళీగా ఉందని చూపించాలి. మామ బొటనవేలు మీట మీద పెట్టాడు. అది కదల్లేదు. మళ్లీ నొక్కాడు. ఎడమచేతి వేలు కూడా సాయం పెట్టాడు. కానిస్టేబుల్ "తుప్పు పట్టినట్టుంది పటేలా" అన్నాడు. తుప్పు పట్టలేదని మా ముగ్గురికీ తెలుసు. మిల్లాయన చేయి చాచాడు. మామ ఇచ్చాడు. మిల్లాయన తేలిగ్గా తెరిచి బల్ల మీద పెట్టి, వాతావరణం గురించి ఏదో మాట్లాడడం మొదలుపెట్టాడు. మామ తన బొటనవేలు వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయన చాలాసేపు తీసుకుంటున్నాడని మా అత్తమ్మ తర్వాత చెప్పింది. సూర్యాపేటలో చూపించాం. నరాల డాక్టరు కావాలన్నారు, హైదరాబాద్ తీసుకెళ్లాం. ఒక్కో కండరం మెల్లగా చచ్చుబడిపోయే జబ్బు అన్నారు. "మందులు వాడదాం, కానీ ఆగదు" అన్నాడు డాక్టరు. మంచి మనిషి, అబద్ధం చెప్పలేదు. బావ ఇంకో దవాఖానకు తీసుకెళ్లాడు, ఇంకో చోటికి. అందరూ అదే మాట వేరే గొంతులతో చెప్పారు. మామ మాత్రం బయట బెంచీ మీద కూర్చుని "పొలంకాడ మోటరు బందు వెట్టిన్నో లేదో" అంటున్నాడు.

కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో ముద్ద పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు అత్తమ్మ తినిపించడం మొదలుపెట్టింది. ప్రతిసారీ ఇక ఇంతటితో ఆగుతుందేమో అనుకునేవాళ్లం.

అత్తమ్మకు ఇంకో భయం పట్టుకుంది. బీరువా తాళంచెవి ఎప్పుడూ గోడకు మేకుకు వేలాడేది. ఆమె దాన్ని తీసి కొంగున కట్టుకుంది. నాతో వంటింట్లో మెల్లగా చెప్పింది. "ఏమన్న జేస్కుంటడేమో బిడ్డా. నేను పొలంకాడికి పోయినా పానమంత గీడనే ఉంటుంది." ఆ భయం నాకూ ఉంది. బావకూ ఉంది. మేమిద్దరం ఒకరితో ఒకరం అనలేదు.

ఒక శనివారం మామ, బావతో ఫోన్ కలిపించుకుని మాట్లాడాడు. అప్పటికి మాట కొంచెం ముద్దగా వస్తోంది. "రేపు రా బిడ్డా. పనున్నది" అన్నాడు.

వెళ్లేసరికి ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అత్తమ్మను పిలిచి, "కొంగుల తాళం ఇప్పు" అన్నాడు.

"ఏం తాళం?"

"బీరువాది. నువ్వు దాసినప్పటి సంది సూస్తున్న."

అత్తమ్మ చేయి కొంగు ముడి మీదికి వెళ్లింది. తర్వాత నేల చూపులు చూస్తూ "నాకు భయమైతుంది. నిద్ర పడ్తలేదు" అంది.

"తెల్సు. నీ జాగల నేనున్నా గట్లనే దాసేటోణ్ణి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "గని ఒక్క మాట ఇను. నేను దాన్ని ఎన్నడు గట్ల సూడలే. నాకది సూసుకునే వస్తువు. గంతే. లైసెన్సు గడువు గూడ ఒడుస్తుంది. మల్ల రాయించుకుందామంటే నాకు సర్టిఫికెట్ ఏ డాక్టరిస్తడు. ఇచ్చేసొద్దాం పా. నువ్వు నిద్రపో."

అత్తమ్మ కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. బావ బీరువా తెరిచి, ధోవతి ముక్కలో చుట్టి ఉన్నదాన్ని తెచ్చి మామ ఒళ్లో పెట్టాడు. మామ బట్ట పక్కకు తీయమన్నాడు. చూశాడు. నన్ను విప్పమన్నాడు. ఖాళీగా ఉందో లేదో నేను చూసి చెప్పేదాకా ఆగాడు. తర్వాత "ఇగ పోదాం" అన్నాడు.

స్టేషన్‌లో ఉన్న కానిస్టేబుల్ కొత్త కుర్రాడు. కాగితం రాసి, సంతకం బదులు మామ వేలిముద్ర తీసుకుని, ఎన్నికలప్పటి అలవాటుగా "మళ్ల ఎప్పుడు తీస్కపోతరు పటేలా?" అని అడిగాడు. మామ "సూద్దాం" అన్నాడు. బావ గోడ వైపు తిరిగాడు. కారులో తిరిగి వస్తుంటే అత్తమ్మ మామ భుజానికి తల ఆనించింది. వాళ్లిద్దరినీ అలా ఎదుటివాళ్ల ముందు నేను ఎప్పుడూ చూడలేదు.

మిల్లాయన ఆ తర్వాత తరచుగా వచ్చేవాడు. చివరిసారి వచ్చినప్పుడు తన రివాల్వర్ తెచ్చాడు. ఖాళీదే. నాకు చూపించి, మామ కళ్లకు అందేలా దిండు మీద తువ్వాలు పరిచి పెట్టాడు. కిటికీ వెలుతురు గొట్టం మీద పడింది. మామ చాలాసేపు చూశాడు. అప్పటికి ఆయన మాట మాలో కొందరికే అర్థమయ్యేది.

"నీదే... మంచిగున్నది" అన్నాడు.

నేను ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మిల్లాయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. ఇన్నేళ్లు ఆ మాట కోసమే వాదించిన మనిషి.

"అలా అనమాకయ్యా. నువ్వు ఒప్పుకుంటే నాకేం బాగోలేదు" అన్నాడు. "నీ బోరింగే బాగుంటుంది. నాకు మొదట్నుంచీ తెలుసు. వాదించకపోతే నువ్వు మిర్యాలగూడ రావని వాదించాను."

మామ పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వే. మిల్లాయన తువ్వాలుతో సహా తనదాన్ని చుట్టేసి, బయటికి వెళ్లి వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు ఇంగ్లీషు రివాల్వర్ స్టేషన్‌లోనే ఉంది. బావ తనకు వద్దన్నాడు. మిల్లాయన తన లైసెన్సు మీదికి రాయించుకోవాలని తిరుగుతున్నాడు. ఆఫీసుల్లో ఒకరు అవుతుందంటారు, ఒకరు కాదంటారు. కాకపోతే ప్రభుత్వమే తీసుకుంటుందట. తీసుకుని ఏం చేస్తారని నేను అడగలేదు.

నేను మామను ఆఖరిసారి చూసింది ఆయన పోయే ముందటి ఆదివారం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగిపోయాను. పొద్దుటి ఎండ మంచం దాకా వచ్చింది. అత్తమ్మ మంచం అంచున కూర్చుని ఆయన చేయి ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీస్తోంది. వేళ్లు వాటంతట అవి ముడుచుకుపోతున్నాయి. ఆమె ఒక్కో వేలునూ చాపి పట్టుకుని, గోరు తీసి, నోటితో ఊది, దాన్ని మెల్లగా వదిలి, తర్వాతి వేలు అందుకుంటోంది. మామ నన్ను చూడలేదు. ఆమె చేతుల వైపే చూస్తున్నాడు.