ప్లగ్ పీకినా కాలిపోయిన కంప్యూటర్

2012 వేసవి. నరసన్నపేటలో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఉరుముల కాలం మొదలైతే చాలు, కాలిపోయిన ఎస్.ఎం.పి.ఎస్.లు బల్ల మీద వరస కట్టేవి. గోడ కరెంటును తగ్గించి కంప్యూటర్‌కు అందించే ఇనుప డబ్బా అది. వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకితే ముందు పోయేది అదే. ఆ ధైర్యంతో నేను మూత విప్పకుండానే జబ్బు చెప్పేసేవాణ్ణి.

ధాన్యం వ్యాపారి రమణ గారింట్లో నా తెలివి తెల్లారింది.

ఒక పిడుగుల వాన మర్నాడు వాళ్ల కంప్యూటర్ వచ్చింది. లోపలి భాగాలన్నీ అమరే పలక, మదర్‌బోర్డు పోయింది. కొత్తది వేసి, ఎగబాకే వోల్టేజిని ఆపే సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టాను. ఉరిమితే ప్లగ్గులు పీకెయ్యమని వాళ్లమ్మ అప్పలనరసమ్మ గారికి అప్పజెప్పి వచ్చాను. నెల తిరక్కుండా మళ్లీ ఉరిమింది, మళ్లీ పోయింది.

వాళ్లింటికి వెళ్లి చూస్తే నాకేమీ పాలుపోలేదు. ప్లగ్ పీకేస్తే ఇక కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? "పెద్దావిడ కదండీ, మర్చిపోయి ఉంటారు" అని రమణ గారి ముందే అనేశాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "నాను మర్సిపోనేదు బాబూ. ఉరుము ఇనబడగానే అర్జునా ఫల్గుణా అనుకుంటా అన్ని ప్లగ్గులూ పీకీసినాను."

ఇకమీదట కంప్యూటర్ గదిలో అడుగు పెట్టొద్దని రమణ గారు తల్లితో కటువుగా అన్నారు. ఆవిడ వాకిట్లోకి వెళ్లిపోయారు.

షాపులో మూత విప్పాక అయోమయం ఇంకా పెరిగింది. ఎస్.ఎం.పి.ఎస్. శుభ్రంగా పనిచేస్తోంది, పోయింది మళ్లీ మదర్‌బోర్డే. గుమ్మంలో కాపలావాడు క్షేమంగా ఉన్నాడు, లోపల ఇల్లు కాలింది! రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. చివరికి ఇంటర్నెట్ వైరు దూర్చే లాన్ పోర్టు పక్కన కందిగింజంత నల్ల మచ్చ కనబడింది. మూల పడేసిన మొదటి బోర్డు తీసి చూస్తే, దాని మీదా అక్కడే మచ్చ.

రెండు బోర్డులూ పట్టుకుని వాళ్లింటికి వెళ్లి ఆ వైరు వెంట నడిచాను. పోర్టు నుంచి, ఫోను తీగ మీద ఇంటర్నెట్ అందించే మోడెంకు, మోడెం నుంచి టెలిఫోన్ తీగకు, ఆ తీగ కిటికీ దాటి వీధి స్తంభానికి. ప్లగ్గులన్నీ పీకినా అదొక్కటీ అలాగే ఉండిపోయేది. పిడుగు దెబ్బ దాని వెంట లోపలికొచ్చింది.

అది కూడా తియ్యాలని అప్పలనరసమ్మ గారికి తెలియదు. "కరెంటు పోయినా ఫోను మోగుతాది కదేటి. మరి దానికి కరెంటుతో పనేటుంటాది?" అన్నారు.

ఆవిడ అనుకున్నదాంట్లో వింతేమీ లేదు. తియ్యమని చెప్పాల్సింది నేను, నాకే తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. రమణ గారి ముందే తప్పు నాదని ఒప్పుకుని, క్షమించమ్మా అన్నాను. రమణ గారు తల దించుకున్నారు.

ఉరిమితే ఫోను తీగ కూడా పీకమని అప్పటి నుంచి అందరికీ చెబుతూ వచ్చాను. స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఇంట్లోవాళ్లు చెప్పింది పూర్తిగా విని, నమ్మి, అక్కణ్ణుంచి వెతకడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజు అప్పలనరసమ్మ గారు బోర్డు చేతిలోకి తీసుకుని నల్ల మచ్చను వేలితో తడిమారు.

"నాను సెప్తే నమ్మనేదు. ఇది సెప్తే నమ్మినావు" అన్నారు.