ఒకటి, ఆరు, పదకొండు

సరోజినిగారిని గురించి నాలుగు మాటలు రాయమని కరోల్ బాగ్ తెలుగు విద్యార్థి హాస్టల్ కార్యదర్శి కేశవరావుగారు నన్నే అడిగారు. నన్నే ఎందుకు అడిగారో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. రాస్తాను. కానీ ముందు నా సంగతి చెప్పకపోతే ఆవిడ సంగతి అర్థం కాదు.

పంచాయతీ బడిలో నేల మీద కూర్చుని చదువుకున్నవాణ్ణి. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. ఆ రెండు మార్కులూ మేష్టారు దస్తూరీకి తీశారు. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, శాఖ పరీక్షలన్నీ మొదటిసారికే పాసై, ఇంజనీరుగా రిటైరయ్యాను. ఓ వానాకాలం ఈ కరోల్ బాగ్‌లోనే నీట మునిగిన కేబుల్‌ని పదకొండు గంటల్లో అతికించి తొమ్మిది వందల ఫోన్లు మోగించాను. ప్రశంసాపత్రం గోడకుంది, వచ్చి చూడవచ్చు. ఢిల్లీలో మనవాళ్లకు తీగ పని పడితే ముప్ఫై ఏళ్లుగా నన్ను తప్ప ఇంకొకరిని అడగలేదు.

సరోజినిగారు బడి గుమస్తా. పరీక్షలప్పుడు ఏ పిల్లవాడు ఏ బల్ల మీద కూర్చోవాలో పటం గీయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్లు అదే చేశారు. భర్త పోయాక మన హాస్టల్‌కు వార్డెన్‌గా వచ్చారు. స్క్రూడ్రైవర్ ఎటునుంచి పట్టుకోవాలో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

కిందటేడు హాస్టల్ నాలుగంతస్తులకూ కలిపి ఆరు వైఫై పెట్టెలు కొన్నారు. బిగించింది నేనే. ప్రతి పెట్టెకూ చానెల్ అని ఓ నంబరు ఇవ్వాలి, అది గాలిలో దాని దారి. ఒక ఇంటి తీగ ఇంకో ఇంటి తీగతో కలవకూడదన్నది మా శాఖలో మొదటి పాఠం. అందుకని ఒకటి నుంచి ఆరు దాకా వరసగా ఇచ్చాను. సిగ్నల్ బలం కూడా పూర్తిగా పెంచాను. కొబ్బరికాయ కొట్టారు.

తర్వాతి ఆదివారం పదింటికి అరవై మంది పిల్లలు ఆన్‌లైన్‌లో సివిల్స్ నమూనా పరీక్ష మొదలుపెట్టారు. పావుగంటలో ప్రవల్లిక అనే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, మూడో ప్రశ్న దగ్గరే తిరుగుతోంది! ఆగే నహీ జా రహా, ముందుకెళ్లట్లేదు!"

"ఇంటర్నెట్ కంపెనీవాడి తప్పమ్మా," అన్నాను.

కేశవరావుగారు మొహం ముడుచుకున్నారు. "వచ్చే ఆదివారం అసలు నమూనా పరీక్ష, దేశమంతటికీ కలిపి ర్యాంకులిస్తారు. ఈలోగా కుదరకపోతే గ్రేటర్ నోయిడా నుంచి మనిషిని పిలిపిస్తానండీ సుందరరామయ్యగారూ."

నా కరోల్ బాగ్‌కి బయటి మనిషి! ఆ రోజు అన్నం సయించలేదు.

సోమవారం సరోజినిగారు ఓ లాప్‌టాప్‌కి నేరుగా తీగ పెట్టించి చూశారు. దూసుకుపోయింది. అంటే కంపెనీవాడి తప్పు కాదు. ఆ తర్వాత ప్రవల్లికతో ఫోన్‌లో చుట్టుపక్కల వైఫైల నంబర్లు చూపే యాప్ ఏదో వేయించుకుని మెట్టుమెట్టుకూ ఆగి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టారు.

"ఏం సరోజినమ్మా, గాలికి జాతకం రాస్తున్నారా?" అన్నాను.

"లేదన్నయ్యగారూ, హాజరు వేస్తున్నాను. పక్క లాడ్జీవాళ్లు, ఎదుటి కోచింగువాళ్లు, అందరూ మన గదుల్లోనే ఉన్నారు."

బుధవారం భోజనాల బల్ల మీద పటం పరిచారు. బడి పటంలాగే ఉంది, పిల్లల పేర్ల బదులు పెట్టెలు.

"పక్కపక్కన ఒకే సెట్ పేపరిస్తే చూసి రాస్తారు కదండీ. మీ రెండూ మూడూ నాలుగూ పేరుకే వేరు, సగం ప్రశ్నలు అవే. ఉన్న పదమూడు నంబర్లలో పూర్తిగా వేరైనవి మూడే సెట్లు. ఒకటి, ఆరు, పదకొండు."

"పెట్టెలు ఆరమ్మా! మూడు నంబర్లు ఎలా సరిపోతాయి?"

"ఒకే నంబరువాళ్లను దూరంగా కూర్చోబెడతాను. నడుమ గోడలూ ఓ అంతస్తూ ఉంటే చాలు. మెట్లవైపు లాడ్జీవాళ్లంతా ఒకటి మీదే ఉన్నారు, అక్కడ మనం పదకొండు. బలం కూడా తగ్గించాలి అన్నయ్యగారూ. మీ పెట్టెలు ఒకదాని చెవిలో ఒకటి అరుస్తున్నాయి."

ప్రవల్లిక కిసుక్కున నవ్వింది.

పటం ఇంటికి తీసుకెళ్లి గంటసేపు చూశాను. ఒక్క తప్పు దొరకాలని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. దొరకలేదు. తీగ ముట్టని మనిషికి, బల్లలు సర్దుకున్న మనిషికి తట్టింది నాకు తట్టలేదే అని ఓర్వలేకపోయాను. పెట్టెల పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. గురువారం "చూద్దాం" అన్నాను. శుక్రవారమూ అదే అన్నాను. పిల్లల పరీక్ష అని తెలిసే అన్నాను.

శనివారం పొద్దున్నే ఆవిడే మా ఇంటికొచ్చారు. "పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దు. మీ చేత్తోనే మార్చండి. నేను పటం చూసి చదువుతాను."

ఇక కాదనడానికి ఏముంది? ఇద్దరం హాస్టల్‌కు వెళ్లాం. ఆవిడ చదివారు, నేను నొక్కాను.

ఆదివారం పరీక్ష ఒక్కచోట ఆగలేదు. పై అంతస్తు అమ్మాయి ఒకతె దిగొచ్చి, "థాంక్స్ అంకుల్, భలే బాగుచేశారు!" అంది. సరోజినిగారు టీ పళ్లెంతో మెట్ల దగ్గరే ఉన్నారు.

"ఏముందమ్మా, అనుభవం," అన్నాను.

ఆవిడ పళ్లెం చాపారు. మొదటి గ్లాసు నాకే ఇచ్చారు. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల మెప్పు ఆవిడకు అక్కర్లేకపోవడమే నాకు ఎక్కువ మండింది.

అందుకే హాస్టల్ కమిటీవారికి రాసిస్తున్నాను. పటం సరోజినిగారిది. నేను మీటలు నొక్కాను, అదీ రెండు రోజులు ఆలస్యంగా. వార్షికోత్సవంలో ప్రశంసాపత్రం ఆవిడకే ఇవ్వండి. ఫ్రేము మాత్రం నాదానికన్నా పెద్దది కాకుండా చూడండి.