మొలక చూడమన్న నర్సమ్మ

మా వరస ఇళ్లలో ఉండే నర్సమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. పాలు పోసే మనిషి ఆమె తలుపు కొట్టి కొట్టి మా ఇంటికి వచ్చాడు. నేనూ నా భార్యా వెళ్లి తలుపు నెట్టి చూశాం. మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. కళ్లద్దాలు చేతిలోనే ఉన్నాయి.

ముప్పై ఏళ్లకు పైగా పల్లెల్లో సూదులు వేస్తూ, కాన్పులు చూస్తూ తిరిగిన సర్కారు నర్సు ఆమె. రిటైరయ్యాక బాన్సువాడలో ఇల్లు కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. పని మాత్రం మానలేదు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగని జంటలు ఆమె అరుగు మీద కూర్చునేవారు. ఆమె మందులు ఇచ్చేది కాదు. ప్రశ్నలు అడిగేది.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. నా బడి ఏడో తరగతితో ఆగింది. రైస్ మిల్లు లెక్కలు చూసి చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఏ రోజు ఏం జరిగిందో రెండు ముక్కలు పుస్తకంలో రాసుకునే అలవాటు కూడా అలాగే వచ్చింది. ఇప్పుడు రాసేది నలుగురికీ చెప్పే సంగతి కాదని మావాళ్లు అంటున్నారు. చెప్పకుండా దాచినందుకే మా ఇంట్లో నాలుగేళ్లు ఒక మనిషి నలిగిపోయింది. కాబట్టి చెబుతాను.

నలిగింది నా భార్య. పెళ్లయిన నాలుగేళ్లకూ కడుపు పండలేదు. ఎవరు ఏది చెబితే మా అమ్మ అది చేయించింది. సోమ, గురు, శనివారాలు ఒక్కపొద్దులు. మహారాష్ట్ర నుంచి ఎవరో తెచ్చిచ్చిన పసరు పరగడుపున ఒక గ్లాసు. తిని ఎన్నాళ్లయిందో అన్నట్టు ఉండేది మనిషి. చివరికి అమ్మ నస్రుల్లాబాద్ దగ్గర ఒక పిల్లను చూసి వచ్చింది, నాకు రెండో పెళ్లి చేయడానికి. నేను ఔననలేదు, కాదనలేదు. ఆ రోజు నా పుస్తకంలో "అమ్మ ఊరికి వెళ్లి వచ్చింది" అని మాత్రం ఉంది. నా జీవితంలో నేను రాసిన అతి పిరికి మాట అది.

నా భార్య ఎవరికీ చెప్పకుండా నర్సమ్మ దగ్గరికి వెళ్లింది. మర్నాడు నర్సమ్మే మా ఇంటికి వచ్చింది. గూట్లో ఉన్న పసరు సీసా తీసి వాసన చూసింది.

"గిండ్ల ఏమేం గలిపిండ్రో ఎరుకేనా అక్కా?"

"మంచి మందే. నలుగురికి గుణమిచ్చింది," అంది అమ్మ.

"ఏమున్నదో తెల్వంది కోడలికి పోస్తున్నవు. నువ్వొక గుక్క తాగు, చూద్దాం."

అమ్మ తాగలేదు. నర్సమ్మ సీసా తీసుకెళ్లి మురుగు మోరీలో ఒంపేసింది. అమ్మకు ఒళ్లు మండింది.

"భూమే మంచిగ లేకుంటే విత్తనం ఏం జేస్తదమ్మా?"

నర్సమ్మ పీట లాక్కుని కూర్చుంది. "యాసంగికి నారు పోసే ముందు మీ ఇంట్ల ఏం జేస్తరక్కా?"

"గిదేం ముచ్చట! గుప్పెడు వడ్లు తడిబట్టల కట్టి మొలక చూస్తం."

"మొలక రాకుంటే?"

"విత్తనాలు మారు..." అంటూ అమ్మ ఆగిపోయింది.

"వడ్లకు మొలక చూసినవు. కొడుకును ఎన్నడన్న పరీక్షకు తోలినవా?"

ఆ మాటకు నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంట్లో ఆమె నవ్వగా విని ఎంత కాలమయిందో.

నర్సమ్మ నా వైపు తిరిగింది. "పిలగా, పొద్దంత యాడ గూసుంటవు?" మిల్లులో వడ్లు ఉడికించే బాయిలర్ గోడ పక్కన నా కుర్చీ అని చెప్పాను. "నోట్లేంది?" తంబాకు అన్నాను. "ఉమ్మేసి రా, మాట్లాడుదాం."

తర్వాత నా భార్యను నెలసరి తేదీలు అడిగింది. ఆమెకు గుర్తు లేవు. నేను లేచి వెళ్లి నా పుస్తకం తెచ్చాను. ఎందుకంటే ముట్టయిన రోజే ఆమె బిచ్కుంద బస్సెక్కేది. మా ఇంట్లో విడిగా కూర్చునే గది లేదు, కనుక ఆ ఐదు రోజులు పుట్టింట్లో. అక్కడే ఇంకో పదకొండు రోజులు ఉండి గుడి చుట్టూ ప్రదక్షిణలు, పిల్లల కోసం మొక్కు. ఏర్పాటు అమ్మదే. పదిహేడో రోజున తిరిగి వచ్చేది. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ నా రాతలో ఉన్నాయి.

నర్సమ్మ వేళ్ల మీద లెక్క పెట్టింది. "ముట్టు నెలకొక్కసారి సక్కగ వచ్చేటోళ్లకు ఎనిమిదో దినం నుంచి పద్దెనిమిది దాక చూసుకోవాలె. దినం తప్పి దినం కల్వాలె. గీ ఏడాదిల ఆ దినాలల్ల మీరిద్దరు ఒక్క కప్పు కింద ఎన్నిమాట్ల ఉన్నరు?"

పేజీలు తిప్పాను. చివరి ఒకటి రెండు రోజులు తప్ప ఏ నెలలోనూ లేము.

"దేవుణ్ని పిల్లలడుగుతరు, పెండ్లాన్ని బస్సెక్కిస్తరు. ఇగ దేవుడేం జేస్తడు?" అంది నర్సమ్మ. అమ్మ వైపు చూసి గొంతు తగ్గించింది. "మొక్కు తప్పంటలేనక్కా. మనూళ్లె గుడి లేదా? గీడనే తిరగనియ్యి."

ఆ రోజు నుంచి ఒక్కపొద్దులు ఆగాయి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, రోజుకో గుడ్డు నా భార్య పళ్లెంలోకి వచ్చాయి. సర్కారు దవాఖానలో ఇచ్చే ఫోలిక్ గోలీ కూడా. వేడీ తంబాకూ మగవాడి విత్తనాన్ని దెబ్బతీస్తాయని నర్సమ్మ చెప్పాక, నా కుర్చీ మిల్లులో బాయిలర్‌కు దూరంగా, తలుపు దగ్గరికి మారింది. తంబాకు మానడానికి నాకు రెండు నెలలు పట్టింది. మధ్యలో దొంగతనంగా వేసుకుంటే నర్సమ్మ నా చొక్కా జేబు తడిమి పట్టుకుంది.

"గిట్ల జేస్తే పక్కా అయితదా?" అని అమ్మ అడిగింది.

"పక్కా అని చెప్పేటోడు దొంగ. నేను తొవ్వల రాళ్లు తీస్తున్న, గంతే. వచ్చేటోళ్లు వస్తరు, రానోళ్లు రారు."

నర్సమ్మ మా ఇంటికి వచ్చిన వారమే నన్ను పరీక్షకు పంపింది. లోపం నాలో ఉందని కాగితం వచ్చింది. మూడు నెలలు ఓపిక పట్టి మళ్లీ చూపించమంది, కొత్త వీర్యం తయారవడానికి అంత సమయం పడుతుందట. ఆ కాగితం అమ్మ ముందు పెట్టి, "ఇగ ఆ పిల్ల ముచ్చట మనింట్ల రావద్దు," అన్నాను. అమ్మకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

నర్సమ్మ తన సంగతి చెప్పింది కూడా ఆ రోజే. పిల్లలు కాలేదని ఆమెను భర్త వదిలేశాడు. "రెండో ఆమెకు గూడ కాలే. ఇగ మూడో ఆమెను చూస్తనన్నడంట. పరీక్ష మాత్రం చేయించుకోలే, మొగోడు గద," అని నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు వెతికాను. కనబడలేదు.

రెండోసారి పరీక్షలో నా కాగితం బాగుపడింది. మరుసటి ఏడు నా భార్యకు నెల తప్పింది. మూడో నెలలో కడుపు పోయింది. నర్సమ్మ నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండి వండి పెట్టింది. "బరువెత్తినందుకు పోలే, బస్సెక్కినందుకు పోలే. నీ తప్పు ఇసుమంత లేదు," అని రోజూ అదే మాట చెప్పింది, నా భార్య నమ్మేదాకా. ఆ తర్వాత ఇద్దరం కలిసి పెద్ద దవాఖానకూ తిరిగాం. మాకు పిల్లలు కలగలేదు.

"నర్సమ్మ మాట విన్నరు గద, ఏమొచ్చింది?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు జవాబు ఇది. నా భార్య కడుపునిండా తింటోంది. నా ఇంట్లోనే ఉంది, తల ఎత్తుకుని ఉంది. నర్సమ్మ అరుగు మీద కూర్చున్న జంటల్లో పిల్లలు కలిగినవాళ్లు ఉన్నారు, మాలాంటివాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఏ ఆడమనిషినీ గొడ్రాలని పిలవనివ్వలేదు నర్సమ్మ. ఇది చాలదు అనేవాళ్లతో నాకు మాటల్లేవు.

మంగళవారం మధ్యాహ్నానికి నర్సమ్మ తమ్ముడి తరఫు వాళ్లు వచ్చారు. ఖర్చు పెట్టుకుంటామన్నారు కానీ, పిల్లలు లేని మనిషికి తలకొరివి పెట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడు నా భార్య లేచి స్నానం చేసి, తడిబట్టలతో వచ్చి నిప్పుకుండ ముందు నిలబడింది.

మా వాడకట్టు పెద్దమనిషి అడ్డం వచ్చాడు. "ఆడిదానివి. నీకే సంతానం లేకపాయె. నువ్వు పెడ్తే ఎట్ల చెల్లుతదమ్మా?"

"పిల్లలు లేరు గని చేతులున్నయి గద మామా," అంది నా భార్య.

ఆయన నా వైపు చూశాడు. నేను వంగి కుండ తాడు ఆమె చేతికి అందించాను. అమ్మ ఏమంటుందోనని తిరిగి చూస్తే, అప్పటికే చెప్పులు విడిచి దారిలోకి దిగి నిలబడి ఉంది.

ఎండ మండిపోతోంది. డప్పు మొదలైంది. అందరికంటే ముందు నా భార్య, వెనుక పాడె, దాని వెనుక ఎప్పుడూ శ్మశానం దాకా రాని ఆడవాళ్లు, కొందరి చంకల్లో పిల్లలు. కుండ ఊగుతుంటే పొగ ఆమె ముఖం మీదికి కొడుతోంది. గాలికి ఒక నిప్పురవ్వ లేచి ఆమె భుజం మీద పడింది. నడక ఆపకుండా ఎడమచేత్తో దులిపేసింది.