ఇనుప ఏనుగుకి నలత

మావటి బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే. జూలో పిల్లల్ని ఎక్కించుకు తిరిగే మర ఏనుగుకి ప్రాణం ఉందంటాడు.

నిజం ఏనుగుల సవారీలు మాన్పించి వాటిని అడవికి పంపేశాక, బాబాయిని ఈ ఇనుప ఏనుగుకి అప్పగించారు. అది తొండం ఊపుతుంది, చెవులాడిస్తుంది, మోకరిల్లుతుంది. దాన్ని నడిపే ఆపరేటరమ్మాయి కడుపులో కూర్చుంటుంది. పిల్లలు ఎక్కినప్పుడు లోపల మనిషి ఉండి తీరాలని నిబంధన. ఆ కడుపులో కిటికీ లేదు, ఫ్యాను లేదు. ఉన్నదల్లా ఉక్కే.

మిట్టమధ్యాహ్నం కాగానే బాబాయి మొదలెట్టేవాడు.

"దీనికి నలతగా ఉంది సార్. నీడకి తీసుకెళ్ళాలి."

"బ్యాటరీ నిండుగా ఉందయ్యా" అనేవాడు మేనేజరు.

"కడుపు నిండితే అలుపు రాదా సార్?"

మేనేజరు తల పట్టుకునేవాడు. బాబాయి ఏనుగుని చెట్టు కింద నిలబెట్టించి, గాలాడాలని కడుపు తలుపు తీసి, "కాస్త దిగమ్మా, దాన్ని కునుకు తీయనీ" అని అమ్మాయిని దింపేసేవాడు. వీపు మీద బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి, చెవిలో జోల పాడేవాడు. జనం సింహాన్ని వదిలేసి ఈయన్ని ఫోన్లలో వీడియో తీసేవారు. జూకి అంత ప్రచారం తెచ్చే మనిషిని తీసెయ్యలేక మేనేజరు ఊరుకున్నాడు.

అమ్మాయికి ఆయనంటే జాలి. దాని వెనక చిన్న స్వార్థం కూడా ఉంది. చేరిన కొత్తలో లోపల కళ్ళు తిరిగి కాస్త విశ్రాంతి అడిగితే, "నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాను" అన్నాడు మేనేజరు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఎవరైనా బాబాయి పిచ్చి కుదిర్చేస్తే తన గతేమిటని ఆమె బెంగ.

జూ మూసి ఉండే సెలవు రోజున, మరిచిపోయిన గొడుగు కోసం అమ్మాయి వచ్చింది. పిల్లలుండరు గనక ఆ రోజు లోపల మనిషి లేకుండా, రిమోటుతో ఏనుగుని పరీక్షిస్తారు. నడినెత్తిన ఎండ. ఏనుగు ఆగకుండా తిరుగుతోంది. బాబాయి మాత్రం రిమోటు పక్కన పడేసి, నీడలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఇవాళ దానికి అలుపు రాదా?"

ఆయన తలెత్తనైనా లేదు. "ఇనుముకి అలుపేంటి?"

అనేశాక ఎవరితో అన్నాడో చూసుకుని నాలిక కరుచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈయన నవ్వులపాలైంది తనకోసమని ఆమెకి అప్పుడు తెలిసింది.

"మేనేజరుతో అనకమ్మా. పిచ్చాడి మాటైతే వింటాడు గానీ, మంచి మాటైతే వినడు" అని బతిమాలాడాయన.

మర్నాడు పిల్లలు దిగగానే బాబాయి నలత సంగతి ఎత్తాడు.

"ఇవాళ కుదరదు. అది నిక్షేపంగా ఉంది" అన్నాడు మేనేజరు.

కడుపులో ఉన్న అమ్మాయి ఆ మాట విని రెండు మీటలు నొక్కింది. ఏనుగు చెవులు వాల్చేసి, మోకాళ్ళ మీద కూలబడి, తొండాన్ని మెల్లగా తెచ్చి మేనేజరు భుజానికి ఆనించింది.

మేనేజరు బిత్తరపోయాడు. కాసేపటికి, ఎండకి కాగిన ఆ తొండం మీద చెయ్యి వేసి చూశాడు.

"ఒళ్ళు కాలిపోతోందయ్యా దీనికి" అన్నాడు.