గుడి గోడ మీద పట్టిక

ఆ రోజుల్లో మాబోటి కుర్రాళ్ళకి తెలివి చూపించుకునే అవకాశాలు తక్కువ. అందుకని దొరికిన ఒక్కదాన్నీ వదిలేవాళ్ళం కాదు. నాకు దొరికింది బ్రాడీపేటలో ఓ మేడ మీద రెండు గదుల్లో. ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయం నడిపే మిషన్ అధ్యయన సంస్థ అది. పల్లెల్లో సంఘాలు ఎలా పుట్టాయి, ఎలా పెరుగుతున్నాయి అని పరిశోధించడం దాని పని. బస్సులెక్కి, సైకిలు తొక్కి ఆ వివరాలు మోసుకురావడం నా పని. మా డైరెక్టరుగారికి పట్టికలంటే ప్రాణం. (ప్రార్థన కూడా ఒకటి, రెండు, మూడు అని వరసలు వేసి చేసేవారు.) చాటుగా ఆయన్ని 'పట్టికల అయ్యగారు' అనేవాళ్ళం.

తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడాది నన్ను ఒంగోలు దగ్గర ఓ పల్లెకి పంపారు. అక్కడ సంఘం పుస్తకంలో నలభై కుటుంబాలున్నాయి. ప్రభుత్వం కాగితాల్లో మాత్రం క్రైస్తవుడన్నవాడు ఒక్కడూ లేడు. "ఈ పాస్టరు అబద్ధాలాడుతున్నాడయ్యా" అన్నారు డైరెక్టరుగారు. ఆయనది మన ప్రాంతం కాదు, పాపం. క్రైస్తవులమని కాగితం మీద తేలితే షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు పోతుంది, దాంతోపాటు సీట్లూ ఉద్యోగాలూ పోతాయి. అందుకే మావాళ్ళకి గుడిలో (చర్చిని మేం గుడి అనే అంటాం) ఒక పేరు, బడిలో ఒక పేరు. పాస్టరుగారి పరువు కాపాడదామని (నిజం చెప్పొద్దూ, నా గొప్ప చాటుకుందామని) రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి పట్టిక తయారుచేశాను. "శెభాష్! పరిశోధనంటే ఇదీ!" అని డైరెక్టరుగారు నా భుజం తట్టారు. నేను నేల మీద నడవడం మానేశాను.

అంతటితో ఆగితే నేనెందుకవుతాను? టైపు కొట్టించిన కాపీ ఒకటి పట్టుకెళ్ళి, మైదా జిగురు పెట్టి, ఆ పల్లె గుడి గోడకి స్వయంగా అంటించాను. చదువురాని ముసలమ్మలు తమ పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టి మురిసిపోయారు. "పెద్దపెద్దోళ్ళ సరసన పడ్డావే!" అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. సంఘపెద్ద కూతురు మాత్రం చదివి పాలిపోయింది. ఆ పల్లెలో టీచరు ట్రైనింగులో సీటొచ్చిన మొదటి పిల్ల ఆమే.

"అన్నయ్యా, ఇది చించెయ్యండి. ఊళ్ళోవాళ్ళు చూస్తే నా సీటు పోద్ది."

"గుడి గోడ ఎవరు చదువుతారమ్మా? అయినా సత్యానికి భయపడకూడదు" అన్నాను. అని, కాగితం లేచిన మూలకి ఇంకాస్త జిగురు రాశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

చదివారు. ఎవరో ఆ కాగితాన్ని గోడ నుంచి ఊడబీకి, అర్జీకి జతచేసి పై అధికారులకి పంపారు. విచారణ జరిగింది. సర్టిఫికెట్టు పోయింది, సీటు పోయింది. ఆ పిల్ల వాళ్ళమ్మ వెంట మిరపకాయలకి తొడిమలు తీసే కూలికి వెళ్ళింది. డైరెక్టరుగారు చాలా బాధపడ్డారు. ఆ పట్టికని మాత్రం నివేదికలోంచి తీయలేదు.

ఓ పొద్దున సంఘపెద్ద బ్రాడీపేట వచ్చాడు. తిడతాడేమోనని టైపు మిషను వెనక్కి నక్కాను. ఆయన తిట్టలేదు.

"నువ్వు చెడు తలపెట్టి చెయ్యలేదులే బాబూ. మా అమ్మాయి ఓ మాట అడిగి రమ్మంది, ఏమనుకోబాక. అన్నయ్యది కూడా మనలాంటి పల్లేనంట గదా, ఆయన రెండో పేరు ఏ పట్టికలో రాశాడో కనుక్కోమంది."

నా డిగ్రీ బడిలో రాయించిన ఆ రెండో పేరు మీద వచ్చిందే. తర్వాత వచ్చిన సర్కారు ఉద్యోగమూ, ఇవాళ తింటున్న పింఛనూ దాని మీదవే. సత్యం గురించి అంత గట్టిగా మాట్లాడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం, ఆయనకి కుర్చీ వేసి, టీ తెస్తానని మెట్లు దిగాను. ఆయన వెళ్ళిపోయేదాకా పైకి రాలేదు.